ఇంట్లో నడిచిన పైథాన్ ప్రోగ్రామ్ మండీలోనూ నడవాలంటే: ప్యాకేజీ కట్టే పద్ధతి

కర్నూలు మార్కెట్ యార్డుకు ఉల్లి ఎక్కువగా వచ్చే రోజుల్లో మా మామ మండీలో లెక్కలు రాత్రి పొద్దుపోయేదాకా సాగుతాయి. కోడుమూరు, గూడూరు వైపు నుంచి రైతులు తెచ్చిన సంచులు ఎన్ని, తూకం ఎంత, తరుగు ఎంత, హమాలీ ఎంత, లారీ బాడుగ ఎవరిది, ముందే తీసుకున్న అడ్వాన్సు ఉందా... ఒక్కో రైతుకు ఒక్కో చీటీ రాయాలి. ఆ చీటీలు వేసే ప్రోగ్రామ్ పైథాన్‌లో రాశాను. నా ల్యాప్‌టాప్‌లో వారం పాటు చక్కగా నడిచింది. ఫోల్డర్ మొత్తం పెన్‌డ్రైవ్‌లో వేసుకుని మండీకి వెళ్లి, అక్కడి కంప్యూటర్‌లో పెట్టి నడిపితే చివర్లో ఒకటే మాట: మాడ్యూల్ నాట్ ఫౌండ్ ఎర్రర్. అంటే ప్రోగ్రామ్‌కు కావలసిన ఇంకో కోడ్ ఫైల్ (మాడ్యూల్) దొరకలేదని.

"ఏమ్రా అల్లుడా, ఇంట్లో బాగా నడుస్తాందంటివి కదా?" అన్నాడు మామ. బయట రైతులు చీటీల కోసం నిలబడి ఉన్నారు. ఆ రోజు చీటీలన్నీ చేత్తోనే రాశాం.

తప్పు నా లెక్కల్లో లేదు. నా కోడ్ నా ఫోల్డర్‌ను, నా ల్యాప్‌టాప్‌ను నమ్ముకుని బతుకుతోంది. అక్కడి నుంచి కదిలిస్తే దానికి కాళ్లు లేవు. ఎక్సెల్ ఫైళ్లు రాసే ఓపెన్‌పైఎక్సెల్ లాంటి లైబ్రరీని (ఎవరో రాసిపెట్టిన రెడీమేడ్ కోడ్‌ను), లైబ్రరీలు తెచ్చిపెట్టే పైథాన్ టూల్ పిప్‌తో ఒక్క కమాండ్‌లో ఇన్‌స్టాల్ చేసుకుంటాం, ఏ ఫోల్డర్‌లో ఉన్నా ఇంపోర్ట్ చేసుకుంటాం. మన కోడ్‌ను కూడా సరిగ్గా అలాగే ఇన్‌స్టాల్ చేసుకునేలా కట్టుకోవాలి. అది పెద్ద కంపెనీల పని అనుకోకండి. ఐదారు ఫైళ్లున్న ప్రోగ్రామ్‌కు కూడా ఒక సాయంత్రం చాలు.

ఒక మాట ముందే చెబుతాను. ఇక్కడ ఫైళ్ల పేర్లు, కమాండ్లు అన్నీ తెలుగు లిపిలో, పలికే తీరులో రాస్తున్నాను. మీరు టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టాలి. పైథాన్ 3లో వేరియబుల్ పేర్లు తెలుగు లిపిలో పెట్టినా పనిచేస్తుంది. కానీ పొల్లు తర్వాత అక్షరం విడిగా కనిపించడానికి మన కీబోర్డులు చొప్పించే కంటికి కనబడని గుర్తును పైథాన్ ఒప్పుకోదు. ఆ ఎర్రర్ వెతుక్కోవడం మహా కష్టం. అందుకే తెలుగు మాటలనే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకోండి, చదువుకోవడానికి హాయిగా ఉంటుంది.

పైథాన్ ఎక్కడ వెతుకుతుంది?

ఇది అర్థమైతే సగం పని అయిపోయినట్టే. మీరు ఇంపోర్ట్ అని రాయగానే పైథాన్ కంప్యూటర్ అంతా గాలించదు. దాని దగ్గర దారుల జాబితా ఒకటి ఉంటుంది, పేరు సిస్.పాత్. వరసగా ఆ ఫోల్డర్లలో మాత్రమే చూస్తుంది. మీరు ఒక ఫైల్‌ను నేరుగా నడిపితే ఆ జాబితాలో మొట్టమొదటి చోటు ఆ ఫైల్ ఉన్న ఫోల్డర్‌ది. ఆ తర్వాత పైథాన్ సొంత లైబ్రరీ, దాని వెనక పిప్ ఇన్‌స్టాల్ చేసినవి ఉండే సైట్-ప్యాకేజెస్ ఫోల్డర్.

మీ కోడ్ మీ ఇంట్లో నడిచింది ఆ మొదటి చోటు పుణ్యమే. పక్క పక్కనే ఉన్న ఫైళ్లు ఒకదానికొకటి దొరికాయి. ఒక ఫైల్‌ను లోపలి ఫోల్డర్‌లోకి జరపగానే, లేదా వేరే చోటు నుంచి నడపగానే ఆ చుట్టరికం తెగిపోతుంది.

చాలామంది ఇక్కడ చేసే పని, ఫైల్ పైన సిస్.పాత్‌కు ఒక దారి అతికించడం. సీ డ్రైవ్, యూజర్స్, మన పేరు, డెస్క్‌టాప్ అంటూ ఇంత పొడవు దారి. దయచేసి ఆ పని చేయకండి. మామ కంప్యూటర్‌లో మీ పేరుతో ఫోల్డర్ ఉండదు. ఆ రోజు మండీలో నా ప్రోగ్రామ్ ఆగిపోయింది సరిగ్గా ఈ వరస వల్లే.

ఇంకో చిక్కు కూడా ఇదే జాబితాతో వస్తుంది. మీ ఫైల్‌కు సీఎస్‌వీ.పీవై అనో, రాండమ్.పీవై అనో పేరు పెట్టారనుకోండి. పైథాన్ సొంత సీఎస్‌వీ మాడ్యూల్ కంటే ముందు మీ ఫైలే దొరుకుతుంది. అప్పుడు వచ్చే ఎర్రర్‌కు, మీ కోడ్‌కు సంబంధమే కనిపించదు. పైథాన్‌తో పాటు వచ్చే మాడ్యూళ్ల పేర్లు మీ ఫైళ్లకు పెట్టకండి.

ముందు ఆ పెద్ద ఫైల్‌ను విడదీయండి

నా ప్రోగ్రామ్‌లో పనంతా దాదాపు ఒకే పెద్ద ఫైల్‌లో ఉండేది. పైనే రైతు పేరు అడిగేది, సంచులు అడిగేది, లెక్క కట్టేది, ఎక్సెల్ రాసేది. అలాంటి ఫైల్‌ను వేరే చోటు నుంచి ఇంపోర్ట్ చేస్తే ఏమవుతుంది? ఇంపోర్ట్ అంటే ఆ ఫైల్‌ను పైనుంచి కిందికి ఒకసారి నడపడమే. కాబట్టి ఒక్క ఫంక్షన్ కావాలని ఇంపోర్ట్ చేసినా "రైతు పేరు?" అని అడుగుతూ కూర్చుంటుంది.

విడదీసేటప్పుడు నేను పెట్టుకున్న కొలత ఒకటే: మండీలో ఏ పని ఎవరు చేస్తారు? తూకం వేసేవాళ్లు వేరు, రేట్లు చెప్పేవాళ్లు వేరు, చీటీ రాసే గుమాస్తా వేరు. ఫైళ్లూ అలాగే:

తూకం.పీవై – బరువు, తరుగు లెక్క మాత్రమే
రేట్లు.పీవై – హమాలీ, తరుగు రేట్లను రేట్లు.జేసన్ అనే డేటా ఫైల్ నుంచి చదవడం
చీటీ.పీవై – పై రెండూ వాడుకుని రైతుకు రావలసింది తేల్చడం, ఎక్సెల్ రాయడం
కమాండ్.పీవై – మనిషితో మాట్లాడడం, అంటే అడగడం, చూపించడం

తూకం ఫైల్‌లో ఒక ఫంక్షన్ ఇంతే ఉంటుంది:

డెఫ్ నికర_బరువు(సంచులు, కిలోలు, తరుగు):
    రిటర్న్ కిలోలు - సంచులు * తరుగు

అడగడం లేదు, ప్రింట్ లేదు, ఫైల్ తెరవడం లేదు. ఇచ్చినవి తీసుకుని లెక్క తిరిగి ఇస్తుంది. దీన్ని చేతి లెక్కతో సరిచూసుకోవచ్చు. 42 సంచులు, మొత్తం 1,890 కిలోలు, సంచికి కిలో తరుగు అనుకుందాం. నికరం 1,848 కిలోలు, అంటే 18.48 క్వింటాళ్లు. క్వింటా 1,400 రూపాయల చొప్పున 25,872. సంచికి 12 రూపాయల హమాలీ అంటే 504 పోతే రైతు చేతికి 25,368 రూపాయలు. ఈ రేట్లు ఉదాహరణకు వేసినవే, మీ ఊరి రేట్లు మీరు వేసుకోండి. కానీ ఇలా ఒక చీటీని కాగితం మీద పూర్తిగా కట్టి పక్కన పెట్టుకోండి. తర్వాత మార్పులు చేసిన ప్రతిసారీ ఇదే చీటీతో సరిచూసుకోవచ్చు.

విడదీసేటప్పుడు ఇంకొకటి గట్టిగా పట్టుకోవాలి. ఇంపోర్టులు ఒకే దిక్కుకు పారాలి. కేసీ కాలువ నీళ్లు సుంకేసుల నుంచి కడప వైపే పోతాయి గానీ వెనక్కి రావు. కమాండ్ ఫైల్ చీటీని ఇంపోర్ట్ చేసుకుంటుంది, చీటీ తూకాన్ని, రేట్లను ఇంపోర్ట్ చేసుకుంటుంది. తూకం ఎవరినీ అడగదు. ఏదో అవసరం వచ్చి తూకం ఫైల్‌లో చీటీని ఇంపోర్ట్ చేశారా, రెండూ ఒకదాని కోసం ఒకటి కాచుకుని "పార్షియల్లీ ఇనిషియలైజ్డ్ మాడ్యూల్" అనే ఎర్రర్ వస్తుంది. అది వస్తే ఇంపోర్ట్ వరసను ఫంక్షన్ లోపలికి దాచేసి తప్పించుకోవచ్చు గానీ, అది మందు కాదు. రెండింటికీ కావలసిన ఆ ముక్కను తీసి మూడో ఫైల్‌లో పెట్టండి.

ఫోల్డర్ కట్టు

ఇప్పుడు ఈ ఫైళ్లను ఇలా అమర్చండి:

ఉల్లిలెక్క-ప్రాజెక్ట్/
    పైప్రాజెక్ట్.టామల్
    రీడ్‌మీ.ఎండీ
    ఎస్ఆర్‌సీ/
        ఉల్లిలెక్క/
            __ఇనిట్__.పీవై
            తూకం.పీవై
            రేట్లు.పీవై
            చీటీ.పీవై
            కమాండ్.పీవై
            రేట్లు.జేసన్
    టెస్ట్స్/
        టెస్ట్_చీటీ.పీవై

లోపలున్న ఉల్లిలెక్క ఫోల్డరే ప్యాకేజీ. అందులో ఇనిట్ ఫైల్ ఉందంటే "ఈ ఫోల్డర్ అంతా ఒక్క కుటుంబం" అని పైథాన్‌కు చెప్పినట్టు. పేరుకు ముందు రెండు, వెనక రెండు అండర్‌స్కోర్లు ఉండాలి. చాలాసార్లు ఒక్కొక్కటే కొడతారు, చూసుకోండి. ఫైల్ ఖాళీగా ఉన్నా ఫర్వాలేదు. 2012లో వచ్చిన పైథాన్ 3.3 నుంచి ఈ ఫైల్ లేకపోయినా ఇంపోర్ట్ అవుతుంది కదా అని కొందరు తీసేస్తారు. అది వేరే అవసరం కోసం పెట్టిన ఏర్పాటు. మామూలు ప్రాజెక్టులో ఇనిట్ ఫైల్ ఉంచండి. టెస్టులు నడిపే టూళ్లు, ప్యాకేజీ కట్టే టూళ్లు దాన్ని చూసి తికమక పడకుండా పనిచేస్తాయి.

అన్నిటికీ పైన ఎస్ఆర్‌సీ అనే ఫోల్డర్ ఎందుకు, ఉల్లిలెక్కను నేరుగా బయటే పెట్టొచ్చు కదా అని అడుగుతారు. పెట్టొచ్చు. కానీ నేను ఎస్ఆర్‌సీ వైపే ఉంటాను. కారణం ఆ దారుల జాబితానే. ప్యాకేజీ బయటే ఉంటే, ప్రాజెక్ట్ ఫోల్డర్‌లో కూర్చుని ఏం నడిపినా పైథాన్‌కు అది పక్కనే దొరికేస్తుంది. మీరు ఇన్‌స్టాల్ చేయకపోయినా, సగం ఫైళ్లు ప్యాకేజీలోకి చేరకపోయినా మీ దగ్గర మాత్రం అంతా నడుస్తుంది. లోటు బయటపడేది మామ దగ్గర. ఎస్ఆర్‌సీ లోపల దాచితే ఇన్‌స్టాల్ చేస్తే తప్ప ఇంపోర్ట్ కాదు. తప్పు ఏదైనా ఉంటే మీ ఇంట్లోనే, మీ ముందే బయటపడుతుంది.

ఒకదాన్నొకటి పిలిచేటప్పుడు ప్యాకేజీ పేరుతో సహా రాయండి:

ఫ్రమ్ ఉల్లిలెక్క.తూకం ఇంపోర్ట్ నికర_బరువు

పేరుకు బదులు ఒక చుక్క పెట్టి రాసే పద్ధతి కూడా ఉంది. తప్పేమీ కాదు, కానీ చుక్కలున్న ఫైల్‌ను నేరుగా నడిపితే "నో నోన్ పేరెంట్ ప్యాకేజ్" అని ఆగిపోతుంది. కొత్తవాళ్లకు పూర్తి పేరే మేలు.

ప్యాకేజీ పేరులో హైఫన్ వద్దు, ఇంపోర్ట్ వరసలో అది తీసివేత గుర్తు అయిపోతుంది. ఇన్‌స్టాల్ చేసే పేరు, ఇంపోర్ట్ చేసే పేరు వేరు కావచ్చు కూడా. పిల్లో అని ఇన్‌స్టాల్ చేసి పీఐఎల్ అని ఇంపోర్ట్ చేస్తాం కదా. మీ ప్రాజెక్టుకు మాత్రం రెండూ ఒకటే పెట్టుకోండి.

పైప్రాజెక్ట్ ఫైల్: ప్రాజెక్ట్ జాతకం

పాత పాఠాల్లో సెటప్.పీవై అని కనిపిస్తుంది. ఇప్పుడు దాని పని పైప్రాజెక్ట్.టామల్ చేస్తుంది. చివర టీ ఓ ఎం ఎల్ అనే నాలుగు అక్షరాలు. నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేస్తే వెనక డాట్ టీఎక్స్‌టీ తగులుకుంటుంది, గమనించండి. లోపల ఇది సరిపోతుంది:

[బిల్డ్-సిస్టమ్]
రిక్వైర్స్ = ["సెటప్‌టూల్స్>=64"]
బిల్డ్-బ్యాకెండ్ = "సెటప్‌టూల్స్.బిల్డ్_మెటా"

[ప్రాజెక్ట్]
నేమ్ = "ఉల్లిలెక్క"
వెర్షన్ = "0.1.0"
రిక్వైర్స్-పైథాన్ = ">=3.9"
డిపెండెన్సీస్ = ["ఓపెన్‌పైఎక్సెల్"]

[ప్రాజెక్ట్.స్క్రిప్ట్స్]
ఉల్లిలెక్క = "ఉల్లిలెక్క.కమాండ్:మెయిన్"

[టూల్.సెటప్‌టూల్స్.ప్యాకేజ్-డేటా]
ఉల్లిలెక్క = ["*.జేసన్"]

మొదటి భాగం, ఈ ప్యాకేజీని ఎవరు కట్టాలో చెబుతుంది. సెటప్‌టూల్స్ కాకుండా హ్యాచ్‌లింగ్, ఫ్లిట్, పొయెట్రీ కూడా ఉన్నాయి. ఏది మేలని వారం రోజులు వెతుక్కోవద్దు, చిన్న ప్రాజెక్టుకు ఏదైనా ఒకటే. 64 అని ఎందుకు వేశానంటే, 2022లో వచ్చిన ఆ వెర్షన్ నుంచి మనం తర్వాత వాడబోయే ఎడిటబుల్ ఇన్‌స్టాల్ ఈ ఒక్క ఫైల్‌తో కొత్త పద్ధతిలో అవుతుంది.

డిపెండెన్సీల దగ్గర నిజాయతీగా ఉండాలి. మీ కోడ్‌లో ఇంపోర్ట్ చేసిన బయటి లైబ్రరీలన్నీ ఇక్కడ ఉండాలి. పైథాన్‌తో పాటే వచ్చేవి రాయక్కర్లేదు. మీ ల్యాప్‌టాప్‌లో ఎప్పుడో ఇన్‌స్టాల్ చేసుకుని మరిచిపోయిన లైబ్రరీ ఒకటి ఈ జాబితాలోంచి జారిపోవడం చాలా మామూలు.

స్క్రిప్ట్స్ అనే భాగం నాకు అన్నిటికంటే ఇష్టం. ఇన్‌స్టాల్ అవగానే ఉల్లిలెక్క అనే కమాండ్ పుడుతుంది. దాన్ని కొడితే కమాండ్.పీవైలోని మెయిన్ ఫంక్షన్ నడుస్తుంది. ఏ ఫైల్‌ను నడపాలో, ఏ ఫోల్డర్‌లో ఉండాలో మామకు నేర్పక్కర్లేదు.

సొంత గది కట్టుకుని అందులో ఇన్‌స్టాల్ చేయండి

ప్రతి ప్రాజెక్టుకూ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ ఒకటి ఉండాలి, అంటే ఆ ప్రాజెక్టుకు కావలసిన లైబ్రరీలు మాత్రమే ఉండే వేరే గది. ప్రాజెక్ట్ ఫోల్డర్‌లో టెర్మినల్ తెరిచి:

పైథాన్ -ఎం వెన్వ్ .వెన్వ్

విండోస్‌లో అయితే .వెన్వ్\స్క్రిప్ట్స్\యాక్టివేట్, లినక్స్‌లో అయితే సోర్స్ .వెన్వ్/బిన్/యాక్టివేట్ కొట్టండి. పవర్‌షెల్‌లో "రన్నింగ్ స్క్రిప్ట్స్ ఈజ్ డిసేబుల్డ్" అని వస్తే టెన్షన్ పడకండి, కమాండ్ ప్రాంప్ట్ తెరిచి అదే కొట్టండి, పనిచేస్తుంది. ఉబుంటు కొత్త వెర్షన్లలో ఈ గది లేకుండా పిప్ నడిపితే "ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ ఎన్విరాన్‌మెంట్" అని అడ్డుపడుతుంది. అది మీ సిస్టమ్ పాడుకాకుండా పెట్టిన గడియ. దాన్ని బలవంతంగా తీయకుండా ఈ గదిలోకి వెళ్లి పని చేసుకోండి.

ఇప్పుడు అసలు కమాండ్:

పిప్ ఇన్‌స్టాల్ -ఈ .

చివరి చుక్కను మరిచిపోవద్దు. "ఈ ఫోల్డర్‌లో ఉన్నదాన్ని" అని దాని అర్థం. ఆ -ఈ అంటే ఎడిటబుల్. పిప్ మీ కోడ్‌ను కాపీ చేయదు, అది ఎక్కడుందో సైట్-ప్యాకేజెస్‌లో గుర్తు రాసిపెడుతుంది. మీరు తూకం ఫైల్ మార్చి సేవ్ చేస్తే చాలు, మళ్లీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. పైప్రాజెక్ట్ ఫైల్‌లో కొత్త కమాండో, కొత్త డిపెండెన్సీనో చేర్చినప్పుడు మాత్రం ఇంకోసారి కొట్టాలి.

వెంటనే వేరే ఫోల్డర్‌కు, డెస్క్‌టాప్‌కో డౌన్‌లోడ్స్‌కో మారి, పైథాన్ తెరిచి ఇంపోర్ట్ ఉల్లిలెక్క అనండి. ఎర్రర్ లేకుండా తర్వాతి వరసకు వచ్చిందా? మొదటిసారి అలా వచ్చినప్పుడు నాకు కలిగిన తృప్తి ఇంకా గుర్తుంది. సిస్.పాత్ అతుకులన్నీ ఆ రాత్రే తీసేశాను.

డేటా ఫైళ్ల దగ్గర జాగ్రత్త

ఇంపోర్టులు సర్దుకున్నాక రెండోసారి నన్ను ఆపింది ఇదే. రేట్లు ఉన్న జేసన్ ఫైల్‌ను ఓపెన్("రేట్లు.జేసన్") అని తెరిచేవాణ్ని. అలా రాస్తే పైథాన్ వెతికేది మీ కోడ్ ఉన్న చోట కాదు, మీరు టెర్మినల్ తెరిచిన చోట. డెస్క్‌టాప్ మీద నుంచి నడిపితే డెస్క్‌టాప్‌లో వెతుకుతుంది, దొరకదు.

ప్యాకేజీలో ఉన్న ఫైల్‌ను ప్యాకేజీ పేరుతో అడగాలి:

ఫ్రమ్ ఇంపోర్ట్‌లిబ్.రిసోర్సెస్ ఇంపోర్ట్ ఫైల్స్
పాఠం = ఫైల్స్("ఉల్లిలెక్క").జాయిన్‌పాత్("రేట్లు.జేసన్").రీడ్_టెక్స్ట్(ఎన్‌కోడింగ్="యూటీఎఫ్-8")

ఈ ఫైల్స్ ఫంక్షన్ పైథాన్ 3.9 నుంచి ఉంది, అందుకే పైన రిక్వైర్స్-పైథాన్‌లో ఆ అంకె వేశాం. చివర్లో యూటీఎఫ్-8 అని రాయడం మనకు మరీ ముఖ్యం. రాయకపోతే చాలా విండోస్ మెషీన్లు పాత ఇంగ్లీషు ఎన్‌కోడింగ్‌తో చదవబోతాయి. రైతుల పేర్లు, ఊర్ల పేర్లు తెలుగులో ఉంటే అక్కడే ఎర్రర్ వస్తుంది, లేదా పేరు పిచ్చి గుర్తులుగా మారిపోతుంది. రైతు చేతికిచ్చే చీటీలో అతని పేరు సరిగా పడాలి కదా.

జేసన్ ఫైల్ దానంతట అది ప్యాకేజీలోకి రాదు. సెటప్‌టూల్స్ పీవై ఫైళ్లను మాత్రమే ఏరుకుంటుంది. అందుకే పైప్రాజెక్ట్ చివర్లో ప్యాకేజ్-డేటా వరస పెట్టాం.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి. హమాలీ రేటు మారిన ప్రతిసారీ కొత్త ప్యాకేజీ కట్టి పట్టుకెళ్లే పరిస్థితి ఉండకూడదు. ప్యాకేజీలో ఉన్న జేసన్ మొదటి రోజు కోసం. మండీ కంప్యూటర్‌లో యూజర్ ఫోల్డర్‌లో ఇంకో రేట్లు ఫైల్ ఉంటే ముందు దాన్ని చదివి, లేకపోతేనే ప్యాకేజీలోది చదివేలా రేట్లు.పీవై రాయండి. మారేవి మనుషుల చేతిలో ఉండాలి, మారనివి ప్యాకేజీలో ఉండాలి. చీటీలు, రైతుల వివరాలు అయితే ప్యాకేజీలో అసలే పెట్టకండి. పొరపాటున కూడా.

కట్టండి, విప్పి చూడండి

టెస్టుల గురించి ఒక్క ముక్క: మనం కాగితం మీద కట్టిన 25,368 రూపాయల చీటీని, టెస్టులు నడిపే టూల్ అయిన పైటెస్ట్‌లో ఒక టెస్టుగా రాసుకోండి. అది పాసైతేనే ముందుకు.

తర్వాత:

పిప్ ఇన్‌స్టాల్ బిల్డ్
పైథాన్ -ఎం బిల్డ్

డిస్ట్ అనే ఫోల్డర్ పుట్టి అందులో రెండు ఫైళ్లు ఉంటాయి. ఒకటి మీ సోర్స్ మూట, చివర టార్.జీజెడ్. రెండోది వీల్, చివర డబ్ల్యూహెచ్ఎల్. ఇన్‌స్టాల్‌కు కావలసింది వీల్. దాని పేరులో పీవై3-నన్-ఎనీ అని ఉంటే, పైథాన్ 3 ఉన్న ఏ సిస్టమ్‌లోనైనా నడుస్తుందని అర్థం.

వీల్ అంటే నిజానికి జిప్ ఫైలే. పంపే ముందు లోపల ఏముందో చూడండి. పైథాన్ -ఎం జిప్‌ఫైల్ -ఎల్ అని కొట్టి, పక్కన ఆ వీల్ పేరు ఇవ్వండి. ఐదు పీవై ఫైళ్లు, జేసన్ ఫైల్ కనిపించాలి. జేసన్ లేకపోతే ప్యాకేజ్-డేటా వరసలో పేరు తప్పు పడింది. పాస్‌వర్డులున్న ఫైలో, రైతుల జాబితానో కనిపిస్తే వెంటనే తీసేసి మళ్లీ కట్టండి. ఈ చూపు ఒక నిమిషం పని, నేను ఎప్పుడూ మానను.

ఆ తర్వాత ప్రాజెక్ట్‌కు దూరంగా ఎక్కడైనా కొత్త ఫోల్డర్ తీసి, కొత్త వెన్వ్ కట్టి, అందులో ఈ వీల్‌ను ఇన్‌స్టాల్ చేసి కమాండ్ నడపండి. అసలు పరీక్ష ఇదే. మరిచిపోయిన డిపెండెన్సీ, చేరని ఫైల్, దాగిన దారి అన్నీ ఇక్కడే దొరికిపోతాయి.

నెట్ లేని చోటికి పెన్‌డ్రైవ్‌లో

మండీ కంప్యూటర్‌కు నెట్ లేదు. ఉన్నా సీజన్‌లో దాన్ని నమ్ముకుని కూర్చోలేం. అందుకే అన్నీ ముందే మూట కట్టుకుపోవాలి. మీ ప్రాజెక్ట్ ఫోల్డర్‌లో:

పిప్ వీల్ . -డబ్ల్యూ పెట్టె

ఇది మీ ప్యాకేజీని, దానికి కావలసిన లైబ్రరీలన్నిటినీ వీల్ ఫైళ్లుగా పెట్టె అనే ఫోల్డర్‌లో పోస్తుంది. ఓపెన్‌పైఎక్సెల్‌కు ఇంకో చిన్న లైబ్రరీ కావాలి, దాన్ని కూడా అదే తెస్తుంది. ఆ పెట్టెను, పైథాన్ ఇన్‌స్టాలర్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి.

కొందరు .వెన్వ్ ఫోల్డర్‌నే కాపీ చేసుకుని పోతారు. అది పనిచేయదు. ఆ ఫోల్డర్‌లో మీ కంప్యూటర్ దారులు అచ్చుగుద్దినట్టు రాసి ఉంటాయి. వెన్వ్‌ను అక్కడికక్కడ కొత్తగా కట్టాల్సిందే.

బయల్దేరే ముందు ఫోన్ చేసి, అక్కడి విండోస్ ఏ వెర్షనో కనుక్కోండి. పైథాన్ 3.9, ఆపై వెర్షన్లు విండోస్ 7లో ఇన్‌స్టాల్ కావు. పాత మెషీన్ అయితే ఆ సంగతి ముందే తేలాలి. నంపై, పాండాస్ లాంటి లెక్కల లైబ్రరీలు వాడితే ఇంకో జాగ్రత్త: వాటి వీల్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు, పైథాన్ వెర్షన్‌కు తగ్గట్టు వేరువేరుగా ఉంటాయి. మీ దగ్గర, అక్కడ ఒకే రకం ఉండేలా చూసుకోండి.

అక్కడికి వెళ్లాక పైథాన్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పాత్‌కు చేర్చమనే టిక్కు పెట్టండి. వెన్వ్ కట్టి యాక్టివేట్ చేసి, పెన్‌డ్రైవ్‌లోని పెట్టె ఉన్న చోట నిలబడి ఈ కమాండ్ కొట్టండి:

పిప్ ఇన్‌స్టాల్ --నో-ఇండెక్స్ --ఫైండ్-లింక్స్ పెట్టె ఉల్లిలెక్క

నో-ఇండెక్స్ అంటే నెట్‌లో వెతకొద్దని, ఫైండ్-లింక్స్ అంటే ఈ పెట్టెలో చూడమని. ఇన్‌స్టాల్ అయ్యాక వెన్వ్ లోపలి స్క్రిప్ట్స్ ఫోల్డర్‌లో ఉల్లిలెక్క.ఈఎక్స్‌ఈ ఉంటుంది. దానికి డెస్క్‌టాప్ మీద షార్ట్‌కట్ పెట్టండి. యాక్టివేట్ చేయకుండానే నడుస్తుంది. మామ ఇప్పుడు దాని మీద రెండుసార్లు నొక్కి చీటీలు తీసుకుంటున్నాడు.

ఈ ప్యాకేజీని అందరికీ అందుబాటులో పెట్టాలనిపిస్తే, పిప్ లైబ్రరీలు తెచ్చుకునే ఆన్‌లైన్ గోదాము పైపీఐకి ఎక్కించవచ్చు. ముందు దాని ప్రాక్టీసు చోటైన టెస్ట్ పైపీఐలో సరిచూసుకోండి, ఎందుకంటే ఒకసారి ఎక్కించిన వెర్షన్ ఫైల్‌ను తీసేసినా అదే పేరుతో మళ్లీ ఎక్కించనివ్వదు. ఒక మండీ లెక్కలకు అంత దూరం పోవలసిన పని లేదు.

మార్పు తెచ్చినప్పుడు

కొత్త మార్పు చేసిన ప్రతిసారీ పైప్రాజెక్ట్‌లో వెర్షన్ అంకె పెంచండి, 0.1.0ను 0.1.1 చేయండి. పెంచకపోతే పిప్ "ఆల్రెడీ శాటిస్‌ఫైడ్" అని చెప్పి పాత కోడ్‌నే ఉంచుతుంది. మార్పు రాలేదేమిటని మీరు గంట సేపు కోడ్ తిరగేస్తారు. కొత్త పెట్టె కట్టి, మండీలో పాత కమాండ్‌కే --అప్‌గ్రేడ్ చేర్చి కొట్టాలి. కమాండ్.పీవైలో నేను మొదటి వరసగా వెర్షన్ ప్రింట్ చేయిస్తాను. ఇంపోర్ట్‌లిబ్.మెటాడేటాలో వెర్షన్ అనే ఫంక్షన్ ఉంది, ప్యాకేజీ పేరిస్తే ఇన్‌స్టాల్ అయిన అంకె చెబుతుంది. ఫోన్‌లో మామ ఏదైనా తేడా ఉందంటే ముందు ఆ అంకె చదవమంటాను. అది 0.1.1 అయితే, నా దగ్గరున్న కోడ్, ఆయన దగ్గరున్న కోడ్ ఒకటేనని తెలిసి, ఇక చీటీలోని లెక్క వైపు చూస్తాను.